మాటిమాటికీ పండుకునే కంప్యూటర్

నేను కంప్యూటర్లు బాగుచేసి రిటైరయ్యానంటే మా వీధి పిల్లలు ఇప్పటికీ నమ్మరు. కళ్ళజోడు ముక్కు చివరికి జారిపోతుంటే చిక్కుడుకాయలు ఒలుచుకునే పెద్దమ్మను చూసి ఎవరు నమ్ముతారు? వాళ్ళ ఫోను మొండికేసిన రోజు మాత్రం మెల్లగా వచ్చి నా పక్కన చేరతారు. అప్పుడు నేను కొంచెం బెట్టు చేస్తాను. ఆ మాత్రం బెట్టు నాకు హక్కుగా వచ్చింది లెండి.

ఆదోనిలో కంప్యూటర్లు అమ్మి, బాగుచేసే షాపులో నేను పనిచేశాను. చేరింది బిల్లులు రాయడానికి. ఒకరోజు మెకానిక్కు చెప్పాపెట్టకుండా మానేశాడు. పత్తి మిల్లు వాళ్ళు కౌంటరు ముందు నిలబడి కేకలేస్తుంటే స్క్రూడ్రైవరు నా చేతికొచ్చింది. ఆ తర్వాత రిటైరయ్యే దాకా దాన్ని ఎవరూ తిరిగి అడగలేదు, నేనూ ఇవ్వలేదు.

మా ఊళ్ళో పని చేయడం అంటే సగం దూదితో కుస్తీ. జిన్నింగు మిల్లుల ఆఫీసుల్లో సీపీయూ మూత తీస్తే లోపల ఫ్యాను కనిపించేది కాదు, దూదే కనిపించేది. బ్రష్షుతో దులిపి దులిపి, ఇంటికి వెళ్ళేసరికి నా జుట్టు కూడా పండిపోయినట్టు ఉండేది. ఊరి బయట పనులుంటే సీపీయూను ఒళ్ళో పెట్టుకుని బస్సెక్కేదాన్ని. ఎమ్మిగనూరు బస్సు కండక్టరు ఒకాయన నన్ను చూడగానే మొదలుపెట్టేవాడు.

"ఏమక్కా, అంత భద్రంగా ఒళ్ళో పెట్టుకోనుండావు, దానికి అర టికెట్టన్నా తీసుకోవా?"

"ఒంట్లో బాగలేదప్పా దానికి. ఆస్పత్రికి పిల్సకపోతాండా. జబ్బు మనిషికి టికెట్టు అడుగుతావా?" అనేదాన్ని నేను.

షాపులో ఇప్పుడు పనిచేసే కుర్రవాళ్ళు అప్పుడప్పుడు నన్ను చూడ్డానికి వస్తారు. మీ సర్వీసులో అన్నిటికంటే పెద్ద రిపేరు ఏది పెద్దమ్మా అని అడుగుతారు. కాలిపోయిన మదర్‌బోర్డు గురించో, వర్షం నీళ్ళలో మునిగిన ఆఫీసు గురించో చెబుతానని ఎదురుచూస్తారు. నేను చెప్పే రిపేరులో ఒక్క స్క్రూ కూడా విప్పలేదు. అయినా అంత సంతోషంగా నేను ఇంకే పని నుంచీ ఇంటికి తిరిగి రాలేదు.

అది ఎమ్మిగనూరులో ఒక చిన్న నేత సంఘం. ఆ ఊళ్ళో పేరున్న పెద్ద సంఘం కాదు, సందులో రెండు గదులు, వెనక ఒక మగ్గాల షెడ్డు ఉన్న చిన్న సంఘం. వాళ్ళకు కొత్తగా ఒక కంప్యూటరూ, దానికి కలిపిన అట్టలు కొట్టే మిషనూ వచ్చాయి. చీర అంచులో పువ్వు పడాలంటే మగ్గం మీద చిల్లులున్న అట్టలు దండలా తిరుగుతుండాలి. ఏ చిల్లు ఎక్కడ ఉందో దాన్ని బట్టి పోగులు లేస్తాయి, పువ్వు పడుతుంది. అంతకు ముందు ఆ అట్టలు వేరే ఊరి నుంచి కొట్టించుకుని వచ్చేవాళ్ళు. ఇప్పుడు బొమ్మను కంప్యూటర్లో వేస్తే చాలు, పక్కనున్న మిషను టకటకమని చిల్లులు కొట్టేస్తుంది. ఒక అంచుకు సరిపడా అట్టలు పడేసరికి ఒక పూట గడిచిపోతుంది. అంతసేపూ కంప్యూటర్ మేలుకుని ఉండాలి. మధ్యలో అది నిద్రపోయిందా, మిషనూ ఆగిపోతుంది. ఎక్కడ ఆగిందో దానికి గుర్తుండదు. మళ్ళీ మొదటి అట్ట నుంచి మొదలుపెట్టాల్సిందే. అప్పటిదాకా పడినవన్నీ చెత్తలోకి.

ఆ కంప్యూటర్ మాటిమాటికీ నిద్రపోతోందని మా షాపుకు ఫోను వచ్చింది.

ఇందులో వింతేమీ లేదనుకున్నాను. కాసేపు ఎవరూ ముట్టుకోకపోతే కరెంటు ఆదా చేయడానికి కంప్యూటర్ తనంతట తాను నిద్రలోకి జారుతుంది. ఎంతసేపటికి జారాలో సెట్టింగులలో మనమే చెప్పొచ్చు, అసలు వద్దనీ చెప్పొచ్చు. ఇంత చిన్న పనికి బస్సు చార్జీ దండగ అని మా యజమాని గొణిగాడు. ఫోనులోనే చెప్పు అన్నాడు. చెప్పి చూశాను. అటువైపు సంఘం మేనేజరు.

"అమా, ఆ ఇంగిలీసు నాకు సెప్పద్దు. నువ్వే వచ్చి సూడు," అని పెట్టేశాడు.

మేనేజరు గురించి చెప్పాలి. ఆయన పుట్టింది మగ్గం గుంట పక్కన. నేసి నేసి, వయసు మళ్ళాక సంఘం బాధ్యత తీసుకున్నాడు. తెల్లటి పంచె, జేబులో రెండు పెన్నులు, ఎప్పుడూ ముడిపడి ఉండే కనుబొమలు. ఆఫీసులో ఆయన దగ్గితే గుమాస్తాలు రాసేది ఆపేవాళ్ళు. చెడ్డమనిషి కాడు. నవ్వితే పని చెడుతుందని గట్టిగా నమ్మే మనిషి, అంతే.

కంప్యూటర్ ముందు కూర్చునేది ఒక అమ్మాయి. ఆలూరు వైపు పల్లె నుంచి ఇక్కడి నేత ఇంటికి కోడలిగా వచ్చింది. అత్తగారింట్లో గుంట మగ్గంలో కూర్చుని నేసి నేసి నడుం పట్టేసింది. డాక్టరు ఇక మగ్గం గుంటలోకి దిగవద్దన్నాడట. ముగ్గులు బాగా వేస్తుందని, బొమ్మలు గీస్తుందని ఎవరో చెబితే మేనేజరు చూద్దాం అన్న మాట మీద తీసుకున్నాడు. ఆమె వేసిన అంచు ఒకటి మగ్గమెక్కితే ఉద్యోగం ఖాయం. లేకపోతే ఇంటికి పోవాలి.

మొదటిసారి వెళ్ళినప్పుడు నేను సెట్టింగులు తెరిచి, నిద్ర అనే చోట ఎప్పటికీ వద్దు అని పెట్టాను. స్క్రీను ఆరిపోయే చోట కూడా అదే పెట్టాను. ఆ అమ్మాయికి చూపించాను. ఆమె శ్రద్ధగా చూసి తల ఊపింది. టీ తాగి, గొప్ప పని చేసినట్టు బస్సెక్కాను.

వారం తిరగకుండా మళ్ళీ ఫోను. "ఏమమ్మా, నువ్వు బస్సెక్కినావో లేదో మళ్ళా పండుకుండాదే!"

రెండోసారి వెళ్ళి పొద్దున్నుంచి సాయంత్రం దాకా దాని ముందే కూర్చున్నాను. తీగలు పీకి పెట్టాను, యూపీఎస్ మార్చి చూశాను, మిషనుకూ కంప్యూటరుకూ మధ్య ఉన్న వైరు ఇంకొకటి వేశాను. కరెంటుకు సంబంధించిన ప్రతి సెట్టింగునూ తిరగేశాను. అన్నం కూడా కీబోర్డు పక్కనే డబ్బా పెట్టుకుని తిన్నాను. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి కూడా అది కన్ను మూయలేదు. పెళ్ళిచూపులకు కూర్చోబెట్టిన పిల్లలా బుద్ధిగా ఉంది. నాకు ఒళ్ళు మండిపోయింది. చెడిపోయిన వస్తువు ఎదురుగా ఉంటే ఎట్లాగైనా దారికి తెస్తాను గానీ, నా ముందు మంచిగా నటించే వస్తువును ఏం చేయాలి?

మేనేజరు గుమ్మంలో నిలబడి అంతా చూశాడు. "నీ సేతిలో నడుస్తాది, ఆ పిల్ల సేతిలో నడవదు. మిషన్‌ది తప్పు గాదు," అన్నాడు.

ఆ అమ్మాయి తల దించుకుంది. అప్పుడు మాత్రం నాకు ఆయన మీద కోపం వచ్చింది.

మూడోసారి పిలుపు వచ్చేసరికి విషయం ముదిరింది. చీరలు కొనే వ్యాపారి ఒకాయన కొత్త అంచు చూడ్డానికి వస్తానన్నాడు. ఆయన వచ్చేలోగా అట్టలు తయారై మగ్గం మీద ఉండాలి. రెండు మూడు సార్లు మొదలుపెట్టారు, ప్రతిసారీ మధ్యలో ఆగింది. ఈసారీ కాకపోతే మిషను తిప్పి పంపించి పాత పద్ధతిలోనే బయట కొట్టించుకుంటామని మేనేజరు అన్నాడట. మిషను లేకపోతే మిషను ముందు కూర్చునే మనిషీ అక్కర్లేదు కదా.

నేను వెళ్ళేసరికి ఆ అమ్మాయి కుళాయి దగ్గర ముఖం కడుక్కుంటోంది. ఏడ్చిందని కళ్ళు చెబుతున్నాయి.

"అక్కా, నిజం సెప్తాండా, నేను యాడా తప్పు బటన్ ముట్టలేదు. నువ్వు సెప్పినట్లే సేసినా," అంది. "ఇది పోతే నన్ను మళ్ళా గుంటలోకి దింపుతారు. అత్తను అని ఏం లాభం, ఆమెకూ జరగద్దా? ఆ నొప్పికంటే గూడా… నేను గీసింది ఒక్కసారి చీర మీద సూడాలనుంది అక్కా."

లోపలికి తీసుకెళ్ళి తను వేసిన అంచు స్క్రీను మీద చూపించింది. పత్తికాయ. ఆకుల మధ్య సగం పగిలి, తెల్లగా నవ్వుతున్న పత్తికాయ. ఆదోనిలో పుట్టి పెరిగి, జన్మంతా జుట్టులోంచి దూది దులుపుకున్న నేను పత్తిని అంత ముచ్చటగా ఎప్పుడూ చూడలేదు. మేనేజరు మొదట్లో దాన్ని చూసి, "మనం నేసేదే పత్తి, మళ్ళా దాని మీద దాని బొమ్మ యాలమ్మా?" అన్నాడట.

అట్టలు కొట్టడం మొదలుపెట్టాం. మిషను టకటకమంటోంది. నేను పక్కనే కూర్చుంటే కంప్యూటర్ మళ్ళీ బుద్ధిమంతురాలి వేషం వేస్తుందని తెలుసు. అందుకని ఆ అమ్మాయిని వెంటబెట్టుకుని కావాలనే బయటికి వచ్చాను. వీధి చివర బండి దగ్గర బొరుగుల ఉగ్గానీ, మిరపకాయ బజ్జీ పెట్టించుకున్నాం. ఆమె ముద్ద ముట్టలేదు. నేను రెండు ప్లేట్లూ ఖాళీ చేశాను. భయమేస్తే నాకు ఆకలెక్కువ.

తిరిగి వచ్చేసరికి టకటక వినిపించలేదు. గదిలో మేనేజరు, ఇద్దరు గుమాస్తాలు, షెడ్డు నుంచి వచ్చిన ఇద్దరు నేతగాళ్ళు నిలబడి ఉన్నారు. స్క్రీను నల్లగా ఉంది.

"సూస్తివా?" అన్నాడు మేనేజరు నాతో. "సూసినావు గదా నీ కండ్లతో? అయిపాయ. ఈ మిషనూ వద్దు, ఏమీ వద్దు."

"సార్, ఇప్పుడు నేను లేను గదా ఈడ," అంది ఆ అమ్మాయి.

"లేవు! అదే సెప్తాండా!" ఆయన కోపం ఒక్కసారిగా ఇంకో దారి పట్టింది. "లేసి పోయేటప్పుడు పనిముట్టును అట్ల బార్లా తెరిసి పెట్టి పోతారా యెవురైనా? నేతోళ్ళ ఇంటి కోడలివి గదా నువ్వు? ఎన్ని దినాల నుంచి సూస్తాండా, నువ్వు లేసిపోతావు, నేనొచ్చి కప్పాల. నువ్వు పోతావు, నేను కప్పాల. ఒక్క దినమన్నా నీ సేతితో గుడ్డ కప్పినావా?"

నేను చెవులు రిక్కించాను. "ఏం కప్పుతారు సార్?" అన్నాను.

ఆయన నన్ను వెర్రిదాన్ని చూసినట్టు చూశాడు. "గుడ్డమ్మా. మగ్గం కాడ్నుంచి లేస్తే పడుగు పోగుల మీద గుడ్డ కప్పమా? దుమ్ము పడదా? నోరు తెరుసుకోనుండే మగ్గం ఇంటికి మంచిది గాదు."

"ఎట్ల కప్పుతారు? నాకొకసారి సూపియ్యండి."

"ఇప్పుడు నేను కప్పిందే ఉండాది గదా, సూడు!"

అప్పుడు చూశాను. నిజమే, కీబోర్డు మీద శుభ్రమైన నేత గుడ్డ ఒకటి పరిచి ఉంది. దాని మీద కొయ్య నాడె ఒకటి అడ్డంగా పెట్టి ఉంది. మగ్గంలో పోగును ఈ పక్క నుంచి ఆ పక్కకు మోసుకుపోయే ఆ నాడె, రెండు కొసలా ఇనుప మొనలు ఉన్నది. ఇన్నిసార్లు వచ్చాను, ఎవరూ ఈ గుడ్డ సంగతి చెప్పలేదు. ఎందుకు చెబుతారు? చెప్పులు విప్పి లోపలికి వచ్చామని ఎవరైనా పనిగట్టుకుని చెబుతారా? ఆ అమ్మాయి రోజూ ఆ గుడ్డ తీసి మడిచి పక్కన పెట్టి పనిలో కూర్చుంటుంది, అంతే. నేను ఉన్న రోజు పనిచేస్తున్న మనిషి ముందు ఆయన ఎలాగూ గుడ్డ కప్పడు.

"నాడె యాల సార్?"

"పైన ఫ్యాను తిరుగుతాది గదా! గుడ్డ ఎగిరిపోకుండా బరువు. మగ్గం కాడ గూడా అట్లే పెడతాము."

నేను గుడ్డనూ నాడెనూ తీసి పక్కన పెట్టి, మౌసు కదిపాను. కంప్యూటర్ ఆవలించి లేచింది. "సార్, ఇప్పుడు మళ్ళా కప్పండి. రోజూ ఎట్ల కప్పుతారో అట్లే," అన్నాను.

ఆయన విసుక్కుంటూనే గుడ్డ పరిచాడు. అంచులు సరిచేశాడు. ఆ చేతి పొందిక చూస్తే ముచ్చటేసింది. తర్వాత నాడెను తీసుకుని, గుడ్డ మీద పైవైపున అడ్డంగా, కుడి కొస కొంచెం గట్టిగా ఆనేలా పెట్టాడు.

స్క్రీను ఆరిపోయింది.

నేను గుడ్డ ఎత్తి చూపించాను. ఆ కీబోర్డులో కుడివైపు పైన నెలవంక బొమ్మ ఉన్న మీట ఒకటి ఉంది. కంప్యూటర్‌ను నిద్రపుచ్చే మీట. నాడె ఇనుప మొన సరిగ్గా దాని మీద కూర్చుంది.

మేనేజరు మౌసు కదిపాడు, స్క్రీను వెలిగింది. నాడె పెట్టాడు, ఆరిపోయింది. మళ్ళీ కదిపాడు. మళ్ళీ పెట్టాడు. ఆయన కనుబొమలు ముడి విప్పుకుని నుదుటి దాకా వెళ్ళాయి.

"అంటే… ఇన్ని దినాలు నేనేనా దీన్ని పండబెడతాండేది?"

"మీరే సార్," అన్నాను. ఆపుకుందామనుకున్నాను గానీ నోరు ఆగలేదు. "గుడ్డ కప్పి మరీ పండబెట్టినారు."

ముందు ఒక నేతగాడు ఫక్కుమన్నాడు. గుమాస్తాలిద్దరూ గోడ వైపు తిరిగారు, వీపులు ఊగుతున్నాయి. మేనేజరు అందరినీ ఒక్కసారి కోపంగా చూశాడు. ఆ చూపు మధ్యలోనే ఆయన పెదవులు వణికాయి. తర్వాత ఆయన నవ్విన నవ్వుకు షెడ్డులో మగ్గాలు ఆగిపోయి జనం పరుగెత్తుకొచ్చారు. పంచె కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ కుర్చీలో కూలబడ్డాడు. ఆయన నవ్వగా చూడటం అదే మొదటిసారని గుమాస్తా ఒకడు నా చెవిలో చెప్పాడు.

నవ్వు తగ్గాక ఆయన ఆ అమ్మాయి వైపు చూశాడు. గోడకు ఆనుకుని నిలబడి, నవ్వాలో ఏడవాలో తెలియక కొంగు నోట్లో కుక్కుకుని ఉంది.

"పొద్దుట్నుంచి ఏమన్నా తింటివా పాపా?" అన్నాడు.

ఆ రోజు దాకా ఆయన ఆమెను ‘ఆ పిల్ల’ అనడమే నేను విన్నాను. మా వైపు పెద్దవాళ్ళు తప్పయిందని నోటితో చెప్పరు, అన్నం తిన్నావా అని అడుగుతారు. ఆమె తల అడ్డంగా ఊపింది. ఆయన వెంటనే ఇంటికి కబురు పెట్టి క్యారియరు తెప్పించాడు.

తర్వాత గుడ్డను మడిచి, నాడెను చేతిలో పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. ముఖం చిన్నబోయింది. "ఇంక యెవురూ కప్పద్దని సెప్తాలేమ్మా. మా నాయన కాలం నుంచి వచ్చిన అలవాటు. మిషన్‌కు పడకపోతే ఏం సేస్తాం."

నాకు మనసొప్పలేదు. మనిషి తన పనిముట్టుకు చేసే మర్యాద అది. ఒక మీట కోసం దాన్ని మానిపించడానికి నాకేం పట్టింది?

"కప్పండి సార్. నాడె గూడా పెట్టండి. కింద ఉండే ఈ సీపీయూ డబ్బాకు మాత్రం గాలి ఆడాల, దాని మీద వద్దు," అని సెట్టింగులు తెరిచాను. నిద్ర మీట నొక్కితే ఏం చేయాలి అని అందులో ఒక ప్రశ్న ఉంటుంది. నిద్రపో అని దానికి ముందుగానే నేర్పి ఉంటారు. నేను దాన్ని తీసేసి ఏమీ చేయకు అని పెట్టాను. రెండోసారి వచ్చి కరెంటు సెట్టింగులన్నీ తిరగేసినప్పుడు ఆ ప్రశ్నను కూడా చదివాను సుమండీ. ఆ మీటను ఈ ఊళ్ళో ఎవరు నొక్కుతారులే అని దాటేశాను.

అట్టలు మళ్ళీ మొదటి నుంచి మొదలయ్యాయి. ఆ అమ్మాయి పక్కగదిలో స్థిమితంగా అన్నం తింది. మేనేజరు వచ్చి గుడ్డ పరిచి, నాడె పెట్టి, భయంభయంగా రెండడుగులు వెనక్కి వేశాడు. టకటక ఆగలేదు. కుర్చీ లాక్కుని దాని పక్కనే కూర్చుని, సాయంత్రం చివరి అట్ట పడేదాకా కదల్లేదు.

వ్యాపారి వచ్చే రోజున నాకు ఎమ్మిగనూరులో పని పడింది. ఆ పని నేనే కల్పించుకున్నానని మా యజమానికి తెలుసు, నవ్వి ఊరుకున్నాడు. నేను షెడ్డులోకి వెళ్ళేసరికి అట్టల దండ మగ్గం మీద తిరుగుతోంది. అందరూ చుట్టూ మూగి ఉన్నారు. ముదురు ఎరుపు అంచులో తెల్లటి పత్తికాయ పగులుతూ పైకి వస్తోంది. వ్యాపారి వంగి, వేలితో తడిమి చూశాడు.

"యెవురు గీసినారప్పా ఇది?"

"మా పాప," అన్నాడు మేనేజరు. మగ్గాల చప్పుడులో కూడా అందరికీ వినిపించేలా అన్నాడు. "మా ఆఫీసులోనే ఉంటాది. ఆకులు పచ్చగా పెడితే ఇరగ ఉంటాది. మళ్ళా చీరకు పచ్చ పోగేపిస్తా."

"వద్దు సార్," అంది ఆ అమ్మాయి.

అందరం తిరిగి చూశాం.

"పత్తి పగిలే యాళకు ఆకు పచ్చగా ఉండదు సార్. ఎండిపోయి ఉంటాది. పచ్చ పెడితే మా ఊరోళ్ళు నవ్వుతారు. ఇటుక రంగు పెట్టాల."

"ఇటుక రంగు యెవురు కడతారు పాపా?"

"కడతారు సార్. ముందు నెయ్యనియ్యండి, అప్పుడు సూద్దురు. లేదంటే ఆకులే తీసేస్తా, పచ్చ మాత్రం పెట్టను."

మేనేజరు కనుబొమలు మళ్ళీ ముడిపడ్డాయి. ఆమె వెనక్కి తగ్గలేదు, పోగుల ఉండలున్న గంప దగ్గరికి వెళ్ళి ఇటుక రంగు వెతకసాగింది. ఆయన పచ్చ ఉండ పట్టుకుని ఆమె వెంట నడిచాడు. నేను సంచి తీసుకుని బయటికి వచ్చేశాను. సందు చివరికి వచ్చేదాకా వాళ్ళిద్దరి గొంతులూ వినిపిస్తూనే ఉన్నాయి, ఆమెదే పెద్దగా. పని ఉంటుందో ఊడుతుందో తెలియని మనిషి రంగు కోసం అట్లా పోట్లాడదు. ఆ మాట అనుకోగానే నడివీధిలో ఒక్కదాన్నే నవ్వుకున్నాను, కళ్ళు తుడుచుకోవడానికి సంచి కింద పెట్టాల్సి వచ్చింది.